ముందు చెయ్యి, తర్వాత మాట

నమస్కారమండీ. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని వెంట తెచ్చుకున్నవాళ్లు వాళ్లని కదలకుండా కూర్చోబెట్టాలని చూడకండి. నేను ఈ పూట చెప్పబోయేదే పిల్లల్ని కదలనివ్వమని. నా మాటకి నేనే అడ్డం పడితే బాగుండదు కదా.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ నిపుణురాలు అన్నారు. అదేం లేదు. ఇంటి దగ్గరే చదువు చెప్పుకుందాం అనుకున్న నాలుగు కుటుంబాలం కలిశాం. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా పిల్లలు, ఎప్పుడు లెక్కపెట్టినా ఆరుగురో ఏడుగురో. వారానికి మూడు పూటలు, ఒక్కో వారం ఒక్కొక్కరి ఇంట్లో. బోర్డు లేదు, బెల్లు లేదు. పెద్దవాళ్లయినవాళ్లు వెళ్లిపోతుంటారు, వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ వచ్చి చేరుతుంటారు. అలా ఐదేళ్లయింది. ఈ ఐదేళ్లలో నేను నేర్పినదానికంటే చెడగొట్టింది ఎక్కువ. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మొదటి నెలలో నేను చేసిన ఘనకార్యం చెప్తాను వినండి. సీతాకోకచిలుకల గురించి చెప్పాలనుకున్నాను. రాత్రి పదకొండింటిదాకా కూర్చుని రంగు కాగితాలు కత్తిరించాను. ఆరుగురికీ ఆరు జతల రెక్కలు, ఆరు ఒళ్లు, పన్నెండు మీసాలు. పొద్దున్న పిల్లలు వచ్చారు, ఎక్కడ అంటించమంటే అక్కడ అంటించారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గోడకి తగిలించాం, ఫోటోలు తీశాం, తల్లులందరూ మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. మర్నాడు ఒక ఐదేళ్ల పిల్లని అడిగాను, సీతాకోకచిలుకకి రెక్కలు ఎన్నమ్మా అని. ఏమందో తెలుసా? "నువ్వు ఎన్ని కత్తిరిస్తే అన్ని అత్తా" అంది.

నవ్వుతున్నారు. నాకు ఆ రోజు నవ్వు రాలేదు. ఎందుకంటే సీతాకోకచిలుకకి రెక్కలు నాలుగు. ముందు రెండు, వెనక రెండు. నేను కత్తిరించింది రెండే. పిల్లలకి తెలియదు సరే, నాకూ తెలియదు. ఆరు బొమ్మలూ ఒకేలా వచ్చాయి. అలా ఎందుకు వచ్చాయి? ఆలోచన అంతా రాత్రి పదకొండింటిదాకా నేనే చేసేశాను కాబట్టి. వాళ్లకి మిగిల్చింది జిగురు పూసే పని.

మరి చేత్తో చేసినా నేర్చుకోలేదంటే ఎక్కడ తేడా వచ్చింది? నాకు అర్థమైంది ఇది. పిల్ల చేసిన పని సరిగ్గా వచ్చిందో లేదో ఎవరు చెప్తున్నారు? నేను చెప్తుంటే అది నా పాఠం. వస్తువు చెప్తుంటే అది పిల్ల పాఠం. ఈ ఒక్క ముక్కే ఈ పూటంతా తిప్పి తిప్పి చెప్తాను, విసుక్కోకండి.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. జర్మనీలో ఫ్రోబెల్ అని ఒకాయన 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్లో చిన్నపిల్లల కోసం బడి పెట్టాడు. మూడేళ్ల తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. ఆయన పిల్లలకి ఇచ్చిన ఆటవస్తువుల్లో ఒకటి చెక్క ఘనం. దాన్ని విడదీస్తే ఎనిమిది చిన్న ఘనాలు. అంతే. రంగు లేదు, బొమ్మ లేదు, అక్షరం లేదు. కానీ పిల్లలు దాన్ని రెండు సగాలు చేస్తారు, నాలుగు పావులు చేస్తారు, కుర్చీ చేస్తారు, మెట్లు చేస్తారు. తిరిగి పెట్టెలో పెట్టాలంటే మళ్లీ ఘనం చెయ్యాలి, లేకపోతే మూత పడదు. చూశారా, సరిగ్గా పెట్టలేదని పెట్టే చెప్తోంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అని పెద్ద ఆర్కిటెక్ట్ ఉండేవాడు, అమెరికాలో. చిన్నప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన ఈ ఫ్రోబెల్ దిమ్మెల స్పర్శ తన వేళ్లలో ఎప్పటికీ ఉండిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు.

తర్వాత మాంటిస్సోరి. ఆ పేరు మీ అందరికీ తెలుసు, ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఒక బోర్డు కనిపిస్తుంది కాబట్టి. ఆవిడ డాక్టరు. 1907లో రోమ్‌లో, శాన్ లోరెంజో అనే పేదల వాడలో, పనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం మొదటి బడి తెరిచింది. అక్కడ ఒక మూడేళ్ల పాప చెక్కదిమ్మెలోని గుంతల్లో స్తంభాలు పెడుతూ, తీస్తూ, మళ్లీ పెడుతూ ఉంటే ఈవిడ లెక్కపెట్టింది. నలభై సార్లకు పైగా చేసింది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా తల ఎత్తలేదు. ఆ స్తంభాల్లో ఉన్న గమ్మత్తు ఏమిటంటే, ఒకటి తప్పు గుంతలో పెడితే చివర్లో ఒకటి ఎక్కడా పట్టదు. "తప్పమ్మా" అని ఎవరూ అనక్కర్లేదు. పైగా ఆ స్తంభానికి చిన్న పిడి ఉంటుంది, దాన్ని మూడు వేళ్లతో పట్టుకోవాలి. రేపు పెన్సిల్ పట్టుకునేది ఆ మూడు వేళ్లతోనే. రాయించడం ఎప్పుడు మొదలుపెట్టాలండీ అని టెన్షన్ పడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మొహాలు చూస్తేనే తెలుస్తోంది. రాయడం అప్పుడే మొదలైపోయింది. బంకమన్ను పిసకడం, బట్టల క్లిప్పు నొక్కడం, స్పాంజి పిండడం, అన్నీ రాయడమే.

సరే, చరిత్ర చాలు. నీళ్ల దగ్గరికి వద్దాం.

మా గుంపులో అన్నిటికంటే ఎక్కువ రోజులు నడిచింది నీళ్ల తొట్టి. ఒక తొట్టిలో సగానికి నీళ్లు పోశాం. పక్కన పళ్లెంలో ఒక రాయి, చెక్కముక్క, గుండుసూది, ప్లాస్టిక్ మూత, తాళంచెవి, మైనపు కొవ్వొత్తి, ఒక కమలాపండు. ఏది మునుగుతుంది, ఏది తేలుతుంది? ముందు చెప్పాలి, తర్వాత వెయ్యాలి. ఈ వరస ముఖ్యం. ముందు చెప్పకుండా వేస్తే అది ఆట. ముందు చెప్పి వేస్తే, తను చెప్పినదానికీ జరిగినదానికీ తేడా వచ్చినప్పుడు ఆ కళ్లు చూడాలి మీరు.

నాలుగేళ్లవాడు ఒకడు చాలా ధీమాగా చెప్పాడు, "బరువుగా ఉన్నవి మునుగుతాయి." తప్పా? చెప్పండి. సగం మంది తప్పంటున్నారు, సగం మంది ఒప్పంటున్నారు. నేను ఆ రోజు నోరు తెరిచి సాంద్రత అనే మాట చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. పక్కన ఉన్న ఇంకో తల్లి నా చెయ్యి గిల్లింది. ఆవిడకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి ఇంట్లో ఉన్న అన్నిటికంటే పెద్ద చెక్కదుంగ తెచ్చాను, వాడు రెండు చేతులతోనూ ఎత్తలేనిది. అందరం కలిసి తొట్టిలో దించాం. తేలింది. గుండుసూది వేశాం. మునిగింది. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చెక్కలు తేలతాయి, ఇనుములు మునుగుతాయి, రాళ్లు మునుగుతాయి" అన్నాడు. మంచి మార్పు కదా! బరువు నుంచి పదార్థానికి వచ్చాడు, ఎవరూ చెప్పకుండా. మర్నాడు కాళ్లు రుద్దుకునే బొరుసు రాయి, ప్యూమిస్ అంటారే, అది తెచ్చి పళ్లెంలో పెట్టాను. అది అగ్నిపర్వతం నుంచి వచ్చే రాయి, లోపలంతా గాలి బుడగలు. వేశాడు. తేలింది. వాడు నా వైపు ఎలా చూశాడంటే నేనేదో మోసం చేశానన్నట్టు చూశాడు.

కమలాపండు సంగతి మీకు తెలుసా? తొక్కతో వేస్తే తేలుతుంది. తొక్క తీసి వేస్తే మునుగుతుంది. తొక్క తీస్తే బరువు తగ్గింది కదా, మరి మునగడమేంటి? తొక్కలో, ఆ తెల్లటి దూది లాంటి దాన్లో, గాలి ఉంటుంది. ఈత రానివాళ్లు వేసుకునే జాకెట్టులాగా. మేము ఆ మాట చెప్పలేదు. ఒక ఆరేళ్ల పిల్ల తొక్కని పిండి పిండి నీళ్లలో అదిమి, బుడగలు రావడం చూసి, రెండు రోజుల తర్వాత తనే చెప్పింది, "రాయి లోపల ఉన్నదే దీని లోపలా ఉంది." రెండు రోజులు! నేను రెండు నిమిషాల్లో చెప్పేద్దును.

తర్వాత బంకమన్ను. ఉండ చేసి వేస్తే మునుగుతుంది. అదే మన్ను, ఒక్క పిసరు కూడా తియ్యకుండా గిన్నెలాగా పలచగా చేస్తే తేలుతుంది. మొదటిసారి ఎవరికీ తేలలేదు. అంచులు తక్కువయ్యాయి, మధ్యలో చిల్లు పడింది, ఒకడిది పక్కకి ఒరిగింది. నలభై నిమిషాలు గడిచాయి. అప్పుడు ఎవరో ఒకరిది తేలింది, మిగతావాళ్లు దాన్ని చూసి చేశారు. అది కాపీ కాదా అండీ అని ఒకాయన అడిగారు పోయినసారి. కాపీయే. ఓడలు కట్టినవాళ్లందరూ అలాగే నేర్చుకున్నారు.

నీళ్లతోనే ఇంకొకటి. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పొయ్యండి. పిల్లే "సమానం" అని ఒప్పుకోవాలి. ఇప్పుడు పిల్ల కళ్ల ముందే ఒక గ్లాసులోవి సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి పొయ్యండి. దేన్లో ఎక్కువున్నాయి? నాలుగైదేళ్ల పిల్లలు దాదాపు అందరూ పొడుగు గ్లాసే చూపిస్తారు. పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఇది. ఆరేడేళ్లు వచ్చేసరికి వాళ్లంతట వాళ్లకే అది కుదురుకుంటుంది. ఈ మాట మీకెందుకు చెప్తున్నానంటే, ఇంటికెళ్లి మీరందరూ ఇవాళే చేసి చూస్తారు. చూడండి, కానీ "కాదు నాన్నా, సమానం!" అని వాదించకండి. వాదిస్తే మీ మొహం చూసి సమానం అంటారు, గ్లాసు చూసి కాదు. వాళ్లనే మళ్లీ వెనక్కి పొయ్యనివ్వండి. రకరకాల గిన్నెలు, గరాటు, మగ్గు ఇచ్చి వదిలెయ్యండి. ఏడాది పొడుగునా పొయ్యనివ్వండి.

గింజల సంగతి

గింజలు అందరూ మొలకెత్తిస్తారు, కొత్తేముంది అనుకుంటున్నారు కదా. చిక్కుడు గింజని గాజు గ్లాసు అంచుకీ తడి కాగితానికీ మధ్య ఇరికించి పెడతాం, బయటికి కనిపించేలా. మట్టిలో పాతితే పిల్లలు ఆగలేరు. మా దగ్గర ఒకడు రోజూ తవ్వి చూసి, మళ్లీ పాతి, చివరికి దాన్ని చంపేశాడు. వాడి తప్పు కాదు, కనపడకుండా పెట్టిన నాది.

కొన్నాళ్లకి ముందు వేరు వస్తుంది, కిందికి. అప్పుడు గ్లాసుని పక్కకి పడుకోబెట్టండి. రెండు రోజులు ఆగండి. వేరు ఒంపు తిరిగి మళ్లీ కిందికే పోతుంది. మళ్లీ తిప్పండి, మళ్లీ తిరుగుతుంది. మా పిల్లలు దానికి "మొండి వేరు" అని పేరు పెట్టారు. దానికి కళ్లున్నాయా, కిందెక్కడో ఎలా తెలుసు అని అడిగారు. ఎంత గొప్ప ప్రశ్న! శాస్త్రవేత్తలు కూడా ఆ ప్రశ్న మీద చాలా ఏళ్లు గడిపారు. భూమి లాగే లాగుడు వేరు కొనకి తెలుస్తుంది అని మాత్రం చెప్పాం.

ఇంకో గ్లాసు అలమారలో చీకట్లో పెట్టాం. వెలుతురు లేకపోతే మొలకెత్తదు అని ఆరుగురూ, వాళ్లతోపాటు ఇద్దరు తండ్రులూ చెప్పారు. పది రోజుల తర్వాత తలుపు తీస్తే, వెలుతురులో పెట్టినదానికంటే చీకట్లోదే పొడుగ్గా ఉంది! పాలిపోయి, పసుప్పచ్చగా, బక్కగా, కానీ పొడుగ్గా. గింజలో దాచుకున్నదంతా ఖర్చుపెట్టి వెలుతురు కోసం వెతుక్కుంటూ పోయింది. పొడుగంటే ఆరోగ్యం అనుకునే పిల్లలకి అది పెద్ద దెబ్బ. ఒక పిల్ల ఏడ్చింది, దాన్ని బయట పెట్టమని. బయట పెట్టాం. కొన్ని రోజుల్లో ఆకులు పచ్చబడ్డాయి.

కొలతలూ లెక్కలూ

ఇది త్వరగా చెప్పేస్తాను. బల్ల ఎంత పొడుగుందో జానలతో కొలవమన్నాం. నాలుగేళ్లవాడికి పది జానలు వచ్చింది, ఆరేళ్ల పిల్లకి ఎనిమిదిన్నర, నాకు ఆరు. పెద్ద గొడవ. నువ్వు తప్పంటే నువ్వు తప్పు. బల్ల ఒకటే, మరి మూడు లెక్కలెలా వచ్చాయి? జాన, మూర, బార, అడుగు, ఇవన్నీ ఒంటి కొలతలే కదా, ఎవరి ఒళ్లు వాళ్లది. ఈ గొడవ తీరడానికి పెద్దవాళ్లకి కూడా చాలా కాలం పట్టింది. ఫ్రాన్సులో 1799లో ప్లాటినం కడ్డీ ఒకటి చేసి, ఇదీ మీటరు అని పెట్టుకున్నారు. మా పిల్లలు ఒక చీపురుపుల్ల విరిచి, ఇదీ మన కొలత అని పెట్టుకున్నారు. స్కేలు ఎందుకో తెలిశాక స్కేలు ఇచ్చాం.

లెక్కలకి పుల్లలు, రబ్బరు బ్యాండ్లు చాలు. పది అవగానే కట్ట కట్టాలి. ఇరవైమూడంటే రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. అందులోంచి ఏడు ఇమ్మని అడగండి. విడివి మూడే ఉన్నాయి. పిల్ల అటూ ఇటూ చూసి, కట్ట విప్పేస్తుంది. మనకి చిన్నప్పుడు "పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకో" అని నేర్పారు, గుర్తుందా? ఎవడా పక్కవాడు, మళ్లీ ఎప్పుడు తీర్చాలి అని నేను రెండో తరగతిలో చాలా బెంగపడ్డాను. కట్ట విప్పిన పిల్లకి ఆ బెంగ లేదు.

నాకు నచ్చనిది కూడా ఒకటి చెప్పాలి, కొందరికి కోపం రావచ్చు. వంటసోడా, వెనిగర్ పోసి పొంగించే అగ్నిపర్వతం. నిజం అగ్నిపర్వతం అలా పేలదు, అక్కడ సోడా లేదు. పెద్దవాళ్లు పోస్తారు, పిల్లలు కేకలేస్తారు, అయిపోతుంది. అది తమాషా. అదే సోడాని బెలూన్‌లో వేసి, వెనిగర్ పోసిన సీసా మూతికి తొడిగి, ఒక చెంచా వేస్తే ఎంత ఉబ్బింది, రెండు చెంచాలు వేస్తే ఎంత ఉబ్బింది అని వాళ్లనే చెయ్యనివ్వండి. అప్పుడు వాళ్లు మార్చడానికి ఏదో ఒకటి ఉంది.

గుంపు నడపడం

ఇప్పుడు పెద్దవాళ్ల గురించి. అసలు కష్టం ఇక్కడే ఉంది. మా మొదటి నియమం, ఎవరి పిల్ల పక్కన వాళ్లు కూర్చోకూడదు. ఎందుకంటే చేతులు ఊరుకోవు. గిన్నె ఒరుగుతుంటే సరిచేస్తాం. పక్కింటి పిల్లది ఒరిగితే చూస్తూ కూర్చోగలం, మన పిల్లది ఒరిగితే చూడలేం. రెండో నియమం, ఒకరు నోట్‌బుక్ పట్టుకుని పిల్లలు అన్న మాటలు అన్నట్టే రాయాలి, తను ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఇవాళ నేను చెప్తున్న పిల్లల మాటలన్నీ ఆ పుస్తకంలోవే. మూడో నియమం పెద్ద పిల్లలకి. జవాబు చెప్పకూడదు, కావాలంటే చూపించొచ్చు. ఏడేళ్లవాడికి అది శిక్షలా ఉంటుంది మొదట్లో.

సమయం గురించి అడుగుతారు. ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు అని. మూడేళ్ల పిల్ల ఐదు నిమిషాల్లో లేచిపోవచ్చు, పోనివ్వండి. మళ్లీ వస్తుంది. ఇంకొకడు గంట కూర్చుంటాడు, వాడిని లేపకండి. ఆరుగురే ఉండటంలో ఉన్న లాభం అదే. ముప్పైమంది ఉన్న గదిలో టీచరుకి ఆ వీలు ఉండదు, పాపం.

ఇల్లంతా తడిసిపోతుంది కదా అంటారు. తడుస్తుంది. కింద ప్లాస్టిక్ పట్టా పరుస్తాం. ఆరు చిన్న గుడ్డలు, ఆరుగురికీ. తుడవడం కూడా పాఠంలోదే. మా మూడేళ్ల పిల్లకి నీళ్లాటకంటే తుడవడమే ఇష్టం. తుడవడం కోసం కావాలనే ఒలకబోస్తుంది.

జాగ్రత్తలు మాత్రం నవ్వుతూ చెప్పను. కాస్తంత నీళ్లున్న తొట్టిలో కూడా చిన్నపిల్లలు మునిగిపోగలరు. కాబట్టి తొట్టి దగ్గర పెద్ద మనిషి లేకుండా ఒక్క క్షణం ఉండకూడదు, ఫోను మోగినా సరే. పని అవగానే నీళ్లు పారబొయ్యాలి. మూడేళ్ల లోపు పిల్లలు ఉంటే, టాయిలెట్ పేపర్ చుట్టే అట్ట గొట్టంలోంచి ఏ వస్తువు దూరుతుందో అది వాళ్లకి అందకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. గుండుసూది లాంటివి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, మా దగ్గర వేసేది నేనే. గుండీల్లాంటి చిన్న బ్యాటరీలు అసలు ఇంట్లోకే తేవద్దు. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. చిన్న శక్తివంతమైన అయస్కాంతాలు కూడా అంతే. రెండు మింగితే లోపల పేగుల్ని మధ్యలో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అయస్కాంతం ఇవ్వాలంటే అరచేతికి సరిపడే పెద్దది ఇవ్వండి.

ఇక నేను ఆపేస్తాను, మీలో ఇద్దరు ముగ్గురు ఆవులిస్తున్నారు. వెనక బల్లల మీద ఐదు తొట్లు పెట్టాం. పళ్లేల్లో వస్తువులున్నాయి, బంకమన్ను ఉంది, కమలాపండ్లు కూడా ఉన్నాయి. ఒక్కో తొట్టి దగ్గరికి ఆరుగురు వెళ్లండి. మీ పిల్లలు పక్క తొట్టికి వెళ్తారు. ముందు చెప్పి, తర్వాత వెయ్యాలి. చేతులు మోచేతిదాకా మడుచుకోండి. ఇందాకటినుంచి నేను జవాబులన్నీ చెప్పేశాను కాబట్టి, పళ్లేల్లో నేను చెప్పనివి మూడు వస్తువులు కలిపాను. అవి మునుగుతాయో తేలతాయో తెలిసినవాళ్లు దయచేసి పక్కవాళ్లకి చెప్పకండి.